డిపో మీదుగా

అంబులెన్సు కదలగానే పైనున్న కొక్కెం ఊగడం మొదలుపెట్టింది. దానికిప్పుడు ఏ బాటిలూ లేదు, సూదులూ గొట్టాలూ అన్నీ పొద్దున్నే తీసేశారు, అయినా పని అలవాటు పోని మనిషిలా అది ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంది, దాన్నే చూస్తూ కుర్చీ మేడం స్ట్రెచర్ పక్కనున్న సన్నటి బల్ల మీద కూర్చుంది. కిటికీ అద్దాలకు సగం దాకా తెల్లరంగు పూశారు కనుక రోడ్డు కనిపించదు, పై సగంలోంచి చెట్ల కొమ్మలూ, తీగలూ, మేడల మీద ఆరేసిన దుప్పట్లూ మాత్రం జారిపోతున్నాయి, వాటి నీడలు స్ట్రెచర్ మీద పడుకున్న పెద్దాయన ముఖం మీదుగా నడిచి పోతున్నాయి. భోజనాల వేళ దాటింది. ఊళ్లో సగం మంది కునుకు తీసే సమయం. ఆమెకూ రెప్పలు బరువుగానే ఉన్నాయి, కానీ ఈ ఒక్క గంటా నిద్రపోకూడదు, ఈ గంట పోతే మళ్లీ రాదు అని పొద్దుటి నుంచీ లోపల ఎవరో గొణుగుతూనే ఉన్నారు.

ఆమెకు అసలు పేరొకటి ఉంది, మెడలో వేలాడే కార్డు మీద సోషల్ వర్కర్ అన్న హోదాతో సహా రాసి ఉంది, కానీ వార్డులో ఎవరు కార్డు చదవొచ్చారు. డాక్టర్లు మంచం కాళ్ల దగ్గర నిలబడి మాట్లాడి వెళ్లిపోతారు, నర్సులు తల దగ్గర నిలబడి పని చూసుకుంటారు, ఈవిడ మాత్రం ఎక్కడి నుంచో ఒక ప్లాస్టిక్ కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి, పడుకున్న మనిషి కళ్లకు తన కళ్లు సమానంగా వచ్చేలా చతికిలబడుతుంది. అలా కుర్చీ మేడం అయింది. ఒకసారి ఒక ముసలమ్మ ఆమెను ఎగాదిగా చూసి, నువ్వు డాక్టరువా అంది. కాదవ్వా. మరి నర్సువా. కాదు. మరేం చేస్తావు. కూర్చుంటానవ్వా. దానికి జీతం కూడా ఇస్తారా, అని ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంటే వార్డు వార్డంతా నవ్వింది, ఊపిరి అందనివాళ్లు కూడా కాస్త కాస్త ఆపుకుంటూ నవ్వారు. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆ వార్డులో అలా నవ్వినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు, అది ఆ వార్డు తీరు.

అక్కడికి వచ్చేవాళ్లకు క్యాన్సర్ని తగ్గించే మందు ఇక ఉండదు. నొప్పిని తగ్గించే మందు ఉంటుంది, ఆయాసాన్ని అణిచే ఉపాయం ఉంటుంది, మిగతాదంతా కుర్చీ మేడం నెత్తిన పడుతుంది. ఎవరి కూతురు ఎవరితో మాట్లాడ్డం మానేసింది, ఎవరు ఇంటికి పోతానని మొండికేస్తున్నారు, ఆ ఇంటి తలుపులోంచి మంచం దూరుతుందా, నిద్దట్లో నొప్పొస్తే ఎవరు లేస్తారు. వార్డంతా బస్సు బాబాయ్ అని పిలిచే ఈ పెద్దాయన కోసం ఆమె వారమంతా కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగింది. మడత మంచం పంపించింది, ఆక్సిజన్ సిలిండరు పంపించింది, నొప్పి మందు ఎలా పట్టాలో ఆయన కూతురికి నేర్పించింది, రోజూ ఒకసారి వచ్చి చూసే నర్సును మాట్లాడింది. ఇల్లు మేడ మీద, లిఫ్టు లేదు. అందుకని ఆయన పనిచేసిన డిపో నుంచి గట్టి మనుషుల్ని పిలిపించి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఎలా ఎత్తుకెళ్లాలో ఉత్త కుర్చీతో సాధన కూడా చేయించింది. ఇంత చేసిన మనిషి బయల్దేరే ముందు చేసిన ఆఖరి ఏర్పాటు దగ్గరే బోల్తా పడింది, ఆ సంగతి ఆమెకింకా తెలియదు.

ఆ ఏర్పాటు చూడ్డానికి చాలా చిన్నది. బాబాయ్ భార్యకు బండి ఎక్కితే పడదు. జీవితమంతా సిటీ బస్సు నడిపిన మనిషి పెళ్లానికి బస్సెక్కితే వాంతులు, ఇంతకంటే వింత ఉందా అని వార్డంతా చెప్పుకుని ముచ్చటపడింది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ్ని నా బస్సులో ఎక్కించుకున్నాను తల్లీ, రెండో స్టాపు కూడా రాకముందే కండక్టరు బూట్ల మీద కక్కేసింది, వాడు ఆ తర్వాత నా డ్యూటీ అంటే సెలవు పెట్టేవాడు, అని ఆయన చెప్పేవారు, పక్కనే ఆవిడ మూతి ముడుచుకుని కమలాపండు వలిచేది. ఆ తర్వాత ఆవిడ ఆయన బస్సెక్కలేదు. ఎక్కడికైనా నడిచే వెళ్లేది, ఆస్పత్రికి కూడా నడిచే వచ్చేది, తప్పనిసరైతే ముందు సీట్లో కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తూ ప్రాణాలు బిగబట్టుకునేది. అందుకే కుర్చీ మేడం ఇవాళ ఆవిడను మెత్తన్న పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టి, కిటికీ అద్దం దించి, చేతిలో ఒక నిమ్మకాయ కూడా పెట్టి, తను వెనకెక్కి తలుపు వేసుకుంది. మెత్తన్న అంటే ఈ అంబులెన్సు నడిపేవాడు. గుంతలో దిగినా లోపలి మనిషికి తెలియనివ్వడు, ఆ పేరు కూడా వార్డు పెట్టిందే.

“మెత్తన్న చెయ్యి మంచిదే గానీ,” అన్నాడు పెద్దాయన కళ్లు తెరవకుండానే, “గేరు మార్చడానికి మొహమాటపడతాడు.”

ఆమె నవ్వి ఆయన దుప్పటి అంచు సరిచేసింది. చెయ్యి బయటకు వచ్చి ఉంది, స్ట్రెచర్ కడ్డీ మీద వేళ్లు ఆనించి ఉన్నాయి. ఆ వేళ్లకొక భాష ఉంది. బస్సులో కండక్టరు తాడు లాగి గంట ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే పోవాలి, డ్రైవరు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. మాట్లాడే ఓపిక లేనప్పుడు ఆయన మంచం కడ్డీ మీద అలాగే కొట్టేవారు, చెంచాతో నీళ్లు పడుతుంటే ఒకసారి టక్కుమంటే చాలని, రెండుసార్లంటే ఇంకా పొయ్యమని. కొత్త నర్సులకు ఆ భాష నేర్పింది ఆయన భార్యే. మా ఇంట్లో అన్నం దగ్గర కూడా ఇదే వరసమ్మా, కాపురానికొచ్చిన కొత్తలో నాకు తెలీక ఒక్కసారి కొట్టినా వడ్డించేదాన్ని, పాపం నోరు మూసుకుని తినేసేవారు, అని ఆవిడ చెప్పినప్పుడు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆ రోజే కదా, ఆ మధ్యాహ్నమే కదా, నీళ్ల కుళాయి దగ్గర ఆవిడ కుర్చీ మేడం చెయ్యి పట్టుకుంది. ఆయనకి మాత్రం తెలీకూడదమ్మా. తగ్గింది, అందుకే ఇంటికి పంపుతున్నారు అనే చెప్పు. తెలిస్తే అక్కడికక్కడే కూలబడిపోతారు. కుళాయి కింద చెంబు నిండిపోయి నీళ్లు కాళ్ల మీద పడుతున్నా ఇద్దరూ కట్టెయ్యలేదు.

మర్నాడు ఆయన. ఆవిడ బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వెళ్లిన వేళ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కోమన్నారు. బ్రేకు పోయిన సంగతి ముందు తెలిసేది డ్రైవరుకే తల్లీ. బస్సులో అందరికీ చెప్తామా. చెప్తే కంగారుపడి దూకేస్తారు. మీ పిన్నికి ఏమీ తెలీదు, తగ్గి ఇంటికెళ్తున్నాననుకుంటోంది, అనుకోనీ. పిన్ని పాసింజరు కాదు కదా బాబాయ్, అంది ఆమె. ఆయన నవ్వి కళ్లు మూసుకున్నారు, ఆ నవ్వు తలుపేసినట్టే ఉంది. ఆయన్నే ఒకసారి అడిగి చూడకూడదా పిన్నీ, అని ఆవిడనూ కదిపింది. అడిగితే తెలిసిపోదూ, అంది ఆవిడ. కుర్చీలో విన్నది కుర్చీ దాటకూడదు, అది ఈ పనిలో మొదటి కట్టుబాటు. అప్పటి నుంచీ రెండు చేతుల్లో రెండు నిండు గ్లాసులు పట్టుకుని జనంలో నడుస్తున్నట్టుంది ఆమె బతుకు, ఇటు తొణక్కూడదు, అటు తొణక్కూడదు. ఇవాళ పొద్దున డాక్టరు మెట్ల దగ్గర ఆపి, ఇవాళ చక్కగా మాట్లాడుతున్నాడు, ఈ తెలివి రేపు ఉంటుందని చెప్పలేను, మందు మోతాదు పెంచుతున్నాం కదా, అని అదేదో వాన సంగతిలా చెప్పి వెళ్లిపోయాడు. ఇంటికి చేరితే కూతురు, అల్లుడు, డిపో జనం, ఇరుగుపొరుగు, ఆ గదిలో నిలబడే చోటుండదు. చీకటి పడేసరికి మందు ఆయన్ని లోపలికి లాక్కుంటుంది. ఇక ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోకుండానే, నువ్వు బాగున్నావు నువ్వు బాగున్నావు అనుకుంటూనే, అయిపోతుంది.

బండి కొంచెం వాలింది. వంతెన దిగుతున్నట్టుంది. కొక్కెం నీడ లోపలి గోడ మీద పెద్దదై చిన్నదైంది, అది చూస్తుంటే ఆమెకు ఇంకో గోడ, ఇంకో మంచం, ఆ మంచం కింద ఒక అట్టపెట్టె గుర్తొచ్చాయి. అక్కకు అమ్మ కొన్న కొత్త చెప్పులు. అప్పుడామె బళ్లో చదువుకుంటోంది, అక్క ఆస్పత్రిలో ఉంది, వచ్చేవారం ఇంటికే అని ఇంట్లో అందరూ అంటున్నారు, నడిచి రావాలి కదా అని అమ్మ చెప్పులు కొనుక్కొచ్చింది. ఎర్ర పట్టీలు, చిన్న మడమ. తొడుగు చూద్దాం అంది అక్క. వాచిన పాదాలకు అవి సగమే ఎక్కాయి. అక్క దిండు మీద తల ఎత్తి, దుప్పటి చివర నుంచి బయటికొచ్చిన తన కాళ్లనూ ఎర్ర పట్టీలనూ చాలాసేపు చూసుకుని, బాగున్నాయే, నీకు సరిపోతాయి పెద్దయ్యాక, అంది. అమ్మ కిటికీ వైపు తిరిగి పరదా సర్దింది. నాన్న ద్రాక్షపళ్లు కడిగి తెస్తానని బయటికి పోయాడు, ఆ పళ్లు అప్పటికే కడిగినవి. చెల్లెలైన తను మాత్రం పట్టీ బిగించడానికి ప్రయత్నిస్తూ, కాదక్కా నీవేగా ఇవి, అంది, అంతకంటే ఏమనాలో ఆ వయసుకు తెలియలేదు. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ పని ఎందుకు ఎంచుకున్నావని అడిగితే ఆమె సమాజం, సేవ అని ఏవో చెప్పింది, చెప్పుల సంగతి చెప్పలేదు. పెద్దయ్యాక అవి సరిపోయాయి కూడా.

“నీళ్ల ట్యాంకు,” అన్నాడు పెద్దాయన.

ఆమె లేచి పై సగం అద్దంలోంచి చూసింది. నిజమే, సిమెంటు ట్యాంకు బొజ్జ మెల్లగా పక్కకు తిరుగుతూ వెళ్లిపోతోంది. కాసేపయ్యాక రొట్టెల ఫ్యాక్టరీ అన్నాడు, ఆ తర్వాత వేడి రొట్టె వాసన లోపలికొచ్చింది. ఈయన కళ్లు మూసే ఉన్నాయి, మలుపు తిరిగినప్పుడు నడుము చెప్తోంది, రైలు పట్టాలు దాటినప్పుడు వీపు చెప్తోంది. “రివర్సులో ఇంత దూరం ఎప్పుడూ రాలేదు తల్లీ,” అని నవ్వాడు, తల డ్రైవరు వైపు, కాళ్లు వెనక తలుపు వైపు పెట్టి పడుకోబెట్టారు మరి. గర్ల్స్ కాలేజీ. ఇక్కడ ఒక్క నిమిషం ఎక్కువ ఆపాలి, ఎప్పుడూ ఒకమ్మాయి పరుగెత్తుకొస్తుంది. ఆయన గొంతు అలా తన పాత రూటులో ఒక్కో స్టాపూ చెబుతుంటే ఆమెకు కళ్లు తెరిచే ఉన్నా అంబులెన్సు పొడుగైపోయింది, సీట్లు వచ్చాయి, కిటికీలకు రంగు పోయి ఎండ నిండింది, స్టాపు స్టాపుకీ ఎవరో ఎక్కుతున్నారు. జీతం ఇస్తారా అన్న ముసలమ్మ ఎక్కి ముందు సీటు నాదేనని తగువుపడింది. తన ఫొటో ఎడమ వైపు నుంచే తియ్యాలని పట్టుబట్టిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు ఎక్కి, కిటికీలో తన ఎడమ చెంప చూసుకున్నాడు. ఆఖరి వారమంతా పిల్లలకు ఎక్కాలు ఒప్పజెప్పించుకున్న లెక్కల మాస్టారు, జుట్టంతా ఊడిపోయాక దువ్వెన మాత్రం దిండు కింద దాచుకున్న కొత్త పెళ్లికూతురు, అందరూ ఎవరి స్టాపులో వాళ్లు చెయ్యి ఎత్తి నిలబడి ఉన్నారు, బస్సు అందరికీ ఆగుతోంది, ఎవరినీ తొందరపెట్టడం లేదు. కాలేజీ స్టాపులో పరుగెత్తుకొచ్చింది అక్క. ఎర్ర చెప్పులు టకటకమంటున్నాయి. కాళ్లకు వాపు లేదు. ఆమె జరిగి చోటిచ్చింది, ఏమక్కా అనబోయింది, ఇప్పుడైతే ఏమనాలో తెలుసు.

బండి చిన్న కుదుపు కుదిపింది. ఆమె ఉలిక్కిపడి కళ్లు నులుముకుంది, చుట్టూ మళ్లీ తెల్లరంగు పూసిన కిటికీలు. ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య రేకు గోడలో పక్కకు జరిపే చిన్న అద్దం ఉంది, అందులోంచి పిన్ని తల వెనక భాగం కనిపిస్తోంది, నెరిసిన ముడి, ముడిలో వంకరగా గుచ్చిన పిన్ను. ఆ అద్దానికి సరిగ్గా ఇవతల, జానెడు కిందుగా, దిండు మీద బాబాయ్ నున్నటి తల. చెయ్యి చాపితే అందేంత దూరం. ఒక తల అటు చూస్తోంది, ఒక తల ఇటు చూస్తోంది, మధ్యలో ఒక రేకు. అప్పుడు తెలిసింది ఆమెకు తను బయల్దేరేటప్పుడు ఏం చేసిందో. మంచం దూరే తలుపు చూసింది, మెట్లు చూసింది, సిలిండరు చూసింది, వాంతి గురించి కూడా ఆలోచించి నిమ్మకాయ వెతికి తెచ్చింది, తీరా ఆ ఇద్దరికీ దొరికే ఒకే ఒక్క గంట వచ్చేసరికి ఆవిడను అటు కూర్చోబెట్టి, ఆయన పక్కన తను కూర్చుంది. కుర్చీ ఎక్కడ కనిపించినా కూర్చోవడమే అలవాటైపోయింది కదా. ఛీ, అనుకుంది. ఇప్పుడు బండి ఆపించి, పిన్నీ మీరు వెనక్కి రండి అనొచ్చు, కానీ ఎందుకని ఆవిడ అడిగితే ఏం చెప్తుంది, ఆయనకేమైనా అయిందా అని ఆవిడ గుండె అక్కడే ఆగిపోతే. ఏమీ కాలేదు అంటే, మరి నేనిక్కడే ఉంటానమ్మా, వాంతొస్తుంది, అంటుంది.

“స్టేడియం వస్తోంది,” అన్నాడు పెద్దాయన. ఈసారి కళ్లు తెరిచి ఆమెను చూశాడు. “మెత్తన్నతో చెప్పు తల్లీ. ఇంటికి తిన్నగా పోవద్దు. స్టేడియం దగ్గర కుడికి తిప్పమను. డిపో మీదుగా పోదాం.”

ఆమె వెంటనే లేవలేదు. డిపో మాట ఆ ఇద్దరి మధ్యా ఎంత బరువైనదో వార్డులో అందరికీ తెలుసు. ఆ డిపోలో ఒక పద్ధతి ఉంది, రిటైరయ్యే డ్రైవరు ఆఖరి రోజున తన రూటులో ఒక ట్రిప్పు కొట్టి బస్సును డిపోలోకి తెస్తాడు, ఆ ట్రిప్పులో డ్రైవరు వెనక సీటు అతని భార్యది, ఇంకెవరూ కూర్చోరు. దాన్ని లాస్ట్ ట్రిప్పు అంటారు. ఆ రోజు రాకముందే బాబాయ్ జబ్బుపడ్డారు. స్నేహితులు ఆస్పత్రికి వచ్చినప్పుడల్లా, నీ లాస్ట్ ట్రిప్పు బాకీ ఉంది గురూ, వదిన్ని తయారుగా ఉండమను, అని నవ్వించేవారు, ఆయన ఎప్పుడూ తొందరేముందిరా అనేవారు. ఆ లాస్ట్ ట్రిప్పును పట్టుకునే పిన్ని ఇన్నాళ్లూ రోజులు నెట్టుకొచ్చింది. లేచి నడవనీ అమ్మా, లాస్ట్ ట్రిప్పుకి నేనూ వెళ్లాలిగా, ఈసారి నిమ్మకాయల బుట్టే పట్టుకెళ్తా, అనేది. అది మిగిలి ఉన్నంతకాలం ఆయన డ్యూటీలో ఉన్నట్టే. ఇప్పుడు స్ట్రెచర్ మీద పడుకుని డిపో మీదుగా పొమ్మంటే ఆవిడకు అర్థం కాకపోవడం ఉండదు. తనకు తెలుసని ఆయన చెప్పినట్టే. రోడ్డు తవ్వేశారనో, అటు రద్దీ అనో ఏదో ఒకటి అల్లి మెత్తన్నకు చెప్పొచ్చు, ఆయన కోరికా తీరుతుంది, ఆవిడ నిమ్మకాయా ఆవిడ చేతిలోనే ఉంటుంది. గ్లాసులు రెండూ తొణకవు.

“బాబాయ్,” అంది ఆమె, “పిన్ని ముందు సీట్లోనే ఉంది.”

“తెలుసు,” అన్నాడు ఆయన. “గట్టిగా చెప్పు. వినపడాలి.”

ఆమె లేచి రేకు గోడ పట్టుకుని అద్దం పక్కకు జరిపింది. ముందు నుంచి గాలి రివ్వున కొట్టింది, అందులో నిమ్మకాయ వాసన. అన్నా, స్టేడియం దగ్గర కుడికి తిప్పు, బాబాయ్ డిపో మీదుగా పోదామంటున్నారు, అని ఒక్కో మాటా విడివిడిగా, చెవిటివాళ్లకు చెప్పినట్టు చెప్పింది. మెత్తన్న అద్దంలో ఆమెను చూసి తలూపాడు. పిన్ని వెనక్కి తిరగలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్న నిమ్మకాయ అక్కడే ఉండిపోయింది.

“ఆయనే అన్నారా?” అంది, రోడ్డు వంకే చూస్తూ.

“ఆయనే పిన్నీ.”

బండి కుడికి తిరిగింది. ఇక ఏ స్టాపు పేరూ వినపడలేదు, ఆయన కప్పు వంక చూస్తూ పడుకున్నాడు, చెయ్యి కడ్డీ మీద ఉంది, కొట్టడం లేదు. కుర్చీ మేడం బల్ల మీద కూర్చుని తన చేతులు తన ఒళ్లో పెట్టుకుంది. ఏం చేశాను, చెయ్యకూడనిది చేశానా, ఇంకాసేపు ఆగి ఉంటే వాళ్లే ఎప్పుడో, ఎప్పుడో అంటే ఎప్పుడు, అమ్మ కిటికీ పరదా సర్దింది, నాన్న కడిగిన పళ్లే కడిగాడు, పట్టీ సగమే ఎక్కింది. తెరిచి ఉంచిన అద్దంలోంచి ఆ నెరిసిన ముడి కదలకుండా కనిపిస్తోంది. అలా ఎంత దూరం వెళ్లారో. ఒక చెయ్యి వెనక్కి వచ్చింది, ముందు సీట్లోంచి, మొహం తిప్పకుండానే, వెనక్కి చాపిన చెయ్యి. వేలికున్న ఉంగరం అద్దం చట్రానికి తగిలింది.

టక్.

ఒక్కసారే. మెత్తన్నకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది, బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

కుర్చీ మేడం వెనక తలుపు తీసి దిగేసరికి ఆవిడ అప్పటికే అటు నడిచి వచ్చేసింది. ముఖం పాలిపోయి ఉంది, అది వికారమో ఇంకొకటో. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. చేతిలో నిమ్మకాయను ఒకసారి చూసుకుని, కుర్చీ మేడం అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. “నువ్వు ముందు కూర్చో అమ్మా. లాస్ట్ ట్రిప్పులో ఆ సీటు నాది.” చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి ఆమె భుజం మీద వేసి, ఎక్కడమైతే ఎక్కేసింది.

“వాంతి చేసుకుంటావే,” అన్నాడు లోపల్నుంచి పెద్దాయన.

“చేసుకుంటే చేసుకుంటా. ఇక్కడ కండక్టరు బూట్లు లేవుగా.” ఆ పైన ఆవిడ గొంతు మారింది. “ఎప్పటినుంచి తెలుసు మీకు?”

“నీకు ఎప్పటినుంచి తెలుసు?” అన్నాడు ఆయన.

కుర్చీ మేడం తలుపు మూసేసింది. గడియ పడ్డ చప్పుడు విని కూడా కాసేపు ఆ తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. ముందుకొచ్చి కూర్చుని, తను తెరిచిన చిన్న అద్దాన్ని తనే జరిపి మూసింది. ఇక వెనక నుంచి మాటలు రావడం లేదు, మాటల గుసగుస మాత్రం వస్తోంది, ఒక లావు గొంతు, ఒక సన్న గొంతు, ఒకటి ఆగితే ఒకటి, కొన్నిసార్లు రెండూ కలిసి. పక్కింట్లో భార్యాభర్తలు మాట్లాడుకుంటుంటే గోడ ఇవతలికి వినిపించినట్టు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, మెత్తన్న చూస్తున్నాడన్న బెరుకు లేకుండా, చెంపలు తుడుచుకోకుండా. తమ వార్డులో ఎవరైనా ఏడుస్తుంటే రుమాలు వాళ్ల చేతికి ఇవ్వకూడదు, ఇస్తే ఇక చాలు ఆపమన్నట్టు, అందేంత దూరంలో పెట్టి ఊరుకోవాలి అని ఆమే కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంది. మెత్తన్నకు ఎవరు చెప్పారో, దుమ్ము తుడిచే గుడ్డొకటి తీసి ఇద్దరి మధ్యా పెట్టి, రోడ్డు వంక చూస్తూ నడిపాడు.

డిపో గేటు తెరిచే ఉంది. కాపలా మనిషి అంబులెన్సును చూసి ఆపబోయి, మెత్తన్న ఏదో చెప్పగానే గొలుసు కిందికి వదిలేసి పక్కకు తప్పుకున్నాడు. బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి, తడి చక్రాలు, డీజిలు వాసన, ఒక బస్సు కింద నుంచి ఎవరివో కాళ్లు, ఆ కాళ్ల మనిషి బయటికొచ్చి చేతిలో స్పానరుతో అలాగే నిలబడ్డాడు. మెత్తన్న ఆవరణంతా ఒక చుట్టు తిప్పాడు, మనిషి నడకంత నెమ్మదిగా. బస్సు అద్దాల్లో అంబులెన్సు ఒక్కో అద్దం దాటుకుంటూ పోవడం ఆమెకు కనిపించింది, ఆ అద్దాల్లోనే ఎక్కడో ముసలమ్మా, ఫొటోగ్రాఫరూ, లెక్కల మాస్టారూ కూర్చుని ఉన్నట్టూ, వెనక వరసలో ఎర్ర చెప్పులు తొడుక్కున్న కాళ్లు ఊపుకుంటూ ఒకమ్మాయి ఉన్నట్టూ అనిపించింది. నీకు తెలుసు కదక్కా, నాకూ తెలుసు, అంది ఆమె మనసులో. చెప్పులు చాలా బాగున్నాయి, నువ్వు మాత్రం వెళ్లొద్దు, నాకు భయంగా ఉంది. ఎన్నాళ్లకో అనగలిగింది ఆ మాట. గేటు దాటి మళ్లీ రోడ్డెక్కారు. అరచేతిలో నిమ్మకాయ వెచ్చబడింది, ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఇల్లున్న వీధి ఇరుకు. మేడ మెట్ల దగ్గర డిపో మనుషులు చొక్కా చేతులు మడుచుకుని నిలబడి ఉన్నారు, మధ్యలో ఒక కుర్చీ. పైన వరండాలో కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగి చూస్తోంది. వెనక తెరిచి ఉన్న గది, ఆ గదిలో మడత మంచం మీద తెల్ల దుప్పటి, అంతా సరిగ్గా ఆమె చెప్పినట్టే ఉంది. మెత్తన్న బండి ఆపి, ఇంజను కట్టేసి, దిగబోయాడు.

“ఆగన్నా,” అంది ఆమె. “పిన్నిని బెల్లు కొట్టనీ.”

ఇంజను ఆగడంతో వెనక గుసగుస ఇంకొంచెం బాగా వినిపించింది. ఆయనేదో అన్నారు, ఆవిడ నవ్వింది, ఆ నవ్వు మధ్యలో విరిగింది, మళ్లీ అతుక్కుంది. డిపో మనుషులు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. కూతురు పై నుంచి ఏమైందని చేత్తో అడిగింది, ఏమీ కాలేదని కుర్చీ మేడం చెయ్యి ఊపింది. ఆయన ఆయాసపడుతుంటే, ఆయన ఇబ్బంది పడుతుంటే, లోపలికి వెళ్లి చూడాలా, చూడొద్దు, ఆవిడ ఉంది. వెనక నుంచి అద్దం మీద ఉంగరం చప్పుడైంది.

టక్.

ఆమె తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

టక్.

మెత్తన్న ఆమె ముఖం చూశాడు. “ఇల్లొచ్చేసింది కదా మేడం.”

“వచ్చింది.”

“రెండు కొట్టారు.”

“విన్నాను,” అంది ఆమె. పిడి మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. “పోనివ్వన్నా.”

మెత్తన్న తాళం తిప్పి, ఈసారి మొహమాటపడకుండా గేరు వేశాడు.